ఫిల్మ్ నుంచి సెన్సార్‌కి: పని క్లిక్కుకి ముందుందా, తర్వాతుందా?

#1 — కొత్తకళ్ళు

పాత పాఠాలతో ఫోటోగ్రఫీ నేర్చుకునేవాళ్ళందరికీ తగిలే చిక్కు ఇది. "నీడలకి ఎక్స్‌పోజ్ చెయ్యి (నీడలు పడేంత వెలుతురు పట్టించు), వెలుగుల సంగతి డెవలపింగ్‌లో చూసుకో" అని ఫిల్మ్ రోజుల పాఠాలన్నీ చెప్తాయి. డిజిటల్లో అదే పాటిస్తే ఆకాశం తెల్లకాగితం అయిపోతోంది. ఇంకోపక్క "డిజిటల్లో ఏదైనా తర్వాత సరిచేసుకోవచ్చు" అనే మాట కూడా వినిపిస్తుంది. రెండూ ఒకేసారి నిజం ఎలా అవుతాయి? అసలు డిజిటల్ వచ్చాక కళలో, వృత్తిలో మారిన పని ఏది, మారనిది ఏది? అనుభవజ్ఞులు వివరంగా చెప్తారని ఆశ.

#2 — వెండిరేణువు

నెగటివ్‌కి ఒకవైపు ఓపిక, సెన్సార్‌కి ఇంకోవైపు ఓపిక. చిక్కంతా అక్కడే.

నెగటివ్‌లో వెలుతురు తగిలినచోట, కడిగాక, వెండి పేరుకుంటుంది. వెలుతురు మరీ ఎక్కువైతే ఆ పేరుకోవడం నెమ్మదిస్తుందే తప్ప ఠక్కున ఆగదు. అందుకే రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకి వెలుతురు రెట్టింపు) ఎక్కువ పడిన రీలు నుంచి కూడా మంచి ప్రింటు లాగొచ్చు. నీడల్లో వెలుతురు అసలు చాలకపోతే మాత్రం అక్కడ ఏమీ ఉండదు, డార్క్‌రూమ్‌లో ఎంత తంటాలు పడ్డా రాదు. పాత సూత్రం పుట్టింది అందుకే.

సెన్సార్‌లో ప్రతి పిక్సెలూ ఒక గిన్నె. నిండేవరకు పోసినంతా లెక్క. నిండాక పోసినదంతా నేలపాలే. 14 బిట్ ఫైల్లో 0 నుంచి 16383 వరకే అంకెలు. ఆ పై అంచుకి కొట్టుకున్న చోట మబ్బు ఉన్నా, తెల్లచొక్కా మడత ఉన్నా ఒకటే అంకె, ఒకటే తెలుపు. దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదు. నీడల్లో మాత్రం, నాయిస్‌తో (గరుకు చుక్కలతో) అయినా, సమాచారం ఉంటుంది.

కాబట్టి సూత్రాన్ని తిరగేయాలి: వెలుగులకి ఎక్స్‌పోజ్ చేసి, నీడలని తర్వాత లేపుకోవాలి. స్లైడ్ ఫిల్మ్ (నెగటివ్ కాకుండా నేరుగా బొమ్మే వచ్చే ఫిల్మ్) వాడినవాళ్ళకి ఇది కొత్త విద్యేం కాదు, వాళ్ళెప్పుడూ ఇలాగే తీశారు.

చేసే పద్ధతి: ఫ్రేమ్‌లో వివరం పోకూడని అతి వెలుగు భాగం చూసుకోండి. దానిమీద స్పాట్ మీటర్ (చిన్న చోటి వెలుతురునే కొలిచేది) పెట్టండి. మీటర్ దేన్ని చూసినా మధ్యస్థ బూడిద రంగు చేయాలనే చూస్తుంది గనుక, అది చూపినదానికి 2 స్టాపులు ఎక్కువ ఇవ్వండి. రా ఫైలు (సెన్సార్ కొలిచింది కొలిచినట్టే దాచే ఫైలు) అయితే దానిపైన సాధారణంగా ఇంకో అర స్టాపో, ఒక స్టాపో చోటు మిగిలి ఉంటుంది. ఎంతన్నది మీ కెమెరాతో పరీక్షించి తేల్చుకోవాలి: ఒకే తెల్లగోడని మూడోవంతు స్టాపు చొప్పున పెంచుకుంటూ తీసి, రా కన్వర్టర్‌లో ఏ ఫ్రేమ్ దగ్గర గోడ గరుకుతనం మాయమైందో చూడండి. అరగంట పని.

సూర్యబింబం, బల్బు ఫిలమెంట్, క్రోమ్ మీద మెరుపు లాంటివి కాలిపోనివ్వండి. వాటిని కాపాడబోతే ఫ్రేమంతా చీకటే.

#3 — హిస్టోగ్రామ్

దీనికి ఒక హెచ్చరిక జోడించాలి. రా లో తీస్తున్నా, కెమెరా వెనక కనిపించే హిస్టోగ్రామ్ (ఏ వెలుగులో ఎన్ని పిక్సెళ్ళున్నాయో చూపే గ్రాఫ్) రా ఫైలుది కాదు. కెమెరా లోపల తయారుచేసిన జేపెగ్‌ది. అంటే మీరు పెట్టిన పిక్చర్ స్టైల్, కాంట్రాస్ట్, వైట్ బ్యాలెన్స్ అన్నీ కలిశాక వచ్చిన గ్రాఫ్ అది. "వివిడ్" లాంటి స్టైల్ పెడితే కాలిపోని వెలుగు కూడా కాలినట్టు మెరుస్తుంది. తీసేవాడు భయపడి ఎక్స్‌పోజర్ తగ్గిస్తాడు, ఇంటికెళ్ళి చూస్తే నీడలనిండా నాయిస్.

న్యూట్రల్ స్టైల్ పెట్టి, కాంట్రాస్ట్ కిందికి దించండి. అప్పుడు గ్రాఫ్ రా కి కాస్త దగ్గరగా వస్తుంది.

ఇంకో సంగతి: ఒకే తెల్ల గ్రాఫ్ చూసి ఊరుకోకండి, మూడు రంగులూ విడివిడిగా చూపే హిస్టోగ్రామ్ పెట్టుకోండి. తెల్ల గ్రాఫ్ ఎక్కువగా ఆకుపచ్చ మీద ఆధారపడుతుంది. గాఢమైన ఎరుపు చీర, బంతిపూలు, స్టేజి మీద నీలం లైటు, వీటిలో ఒక్క రంగు మాత్రమే అంచు దాటుతుంది. తెల్ల గ్రాఫ్ మధ్యలో హాయిగా కనిపిస్తుంటుంది, చీర మాత్రం మడతల్లేని ఎర్ర ముద్దగా వస్తుంది.

#4 — బేయర్‌బాబు

వెండిరేణువు గారి గిన్నె ఉపమానం బాగుంది. ఆ గిన్నెలకి రంగు తెలియదన్న విషయం కూడా చేరిస్తే ఇంకా బాగుంటుంది. కొడక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్ పేటెంట్ 1976లో వచ్చింది: నాలుగు పిక్సెళ్ళలో రెంటి మీద ఆకుపచ్చ, ఒకదాని మీద ఎరుపు, ఒకదాని మీద నీలం ఫిల్టర్. 24 మెగాపిక్సెల్ కెమెరాలో నిజంగా ఎరుపు కొలిచేవి 60 లక్షలే. ఫోటోలోని రంగు విలువల్లో మూడింట రెండు వంతులు పక్క పిక్సెళ్ళని చూసి లెక్కకట్టినవి. సన్నటి గీతల చొక్కా మీద లేని ఇంద్రధనస్సు కనిపించేది ఈ లెక్క తప్పినప్పుడే. దాన్నే మొయిరే అంటారు. ఒక అడుగు ముందుకో వెనక్కో జరిగినా, కోణం కొద్దిగా మార్చినా సగం పోతుంది. తర్వాత పోగొట్టడం కంటే అదే తేలిక.

చరిత్ర కూడా రెండు ముక్కలు. 1969లో బెల్ ల్యాబ్స్‌లో విల్లర్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ సీసీడీ అనే సెన్సార్‌ని కనిపెట్టారు, 2009లో నోబెల్ వచ్చింది. 1975లో కొడక్ ఇంజనీరు స్టీవెన్ సాసన్ చేసిన కెమెరా 100×100 పిక్సెళ్ళది. ఒక్క నలుపు తెలుపు బొమ్మ క్యాసెట్ టేపు మీదికి ఎక్కడానికి 23 సెకన్లు. 1991లో కొడక్ డీసీఎస్ వచ్చింది: నికాన్ ఎఫ్3 బాడీ, 1.3 మెగాపిక్సెళ్ళు, భుజానికి వేలాడేసుకోవడానికి 200 ఎంబీ డిస్కు ఉన్న వేరే పెట్టె. కొన్నది ప్రధానంగా వార్తాసంస్థలే. నాణ్యత కోసం కాదు, రీలు కడిగే సమయం కలిసొస్తుందని. వృత్తిలో డిజిటల్ ముందు గెలిచింది వేగంతోనే. నాణ్యత చాలా వెనకగా వచ్చి చేరింది.

#5 — వెండిరేణువు

ఇంకొకటి మర్చిపోయాను. 14 బిట్ ఫైల్లో అన్నిటికన్నా పై స్టాపు ఒక్కదానికే 8192 మెట్లు దక్కుతాయి, దాని కింది స్టాపుకి 4096, అలా సగం సగం. ఎక్స్‌పోజర్‌ని కుడివైపుకి, అంటే హిస్టోగ్రామ్‌లో వెలుగుల వైపుకి, తోయమనేది అందుకే, ఎక్కువ మెట్లు దొరుకుతాయని.

#6 — బేయర్‌బాబు

అంకెలు సరే, కారణం అది కాదండీ. ఈ పొరపాటు చాలా పాఠాల్లో ఉంది.

అసలు కారణం ఫోటాన్ల లెక్క. వెలుతురు వానచినుకుల్లా విడివిడిగా పడుతుంది. ఒక గిన్నెలో సగటున 10,000 పడితే, హెచ్చుతగ్గు దాని వర్గమూలం, అంటే 100. నూటికి ఒక వంతు తేడా, కంటికి తెలియదు. అదే 100 పడితే హెచ్చుతగ్గు 10. నూటికి పది వంతులు, గరుగ్గా కనిపిస్తుంది. నీడల్లో నాయిస్ ఎక్కువగా పుట్టేది అక్కడినుంచే, మెట్లు చాలక కాదు.

దీన్నుంచి తేలేదేమిటంటే, ఐఎస్‌ఓ (సెన్సార్ సంకేతాన్ని పెంచే సెట్టింగ్) పెంచి గ్రాఫ్‌ని కుడివైపుకి తోస్తే లాభం దాదాపు ఉండదు. గిన్నెలో పడిన చినుకులు పెరగలేదు కదా. షటర్ నిదానం చేయాలి, లేదా అపెర్చర్ (లెన్స్‌లోని రంధ్రం) తెరవాలి, లేదా లైటు పెంచాలి. ఈ మూడూ కుదరనప్పుడే ఐఎస్‌ఓ.

#7 — వెండిరేణువు

ఒప్పుకున్నాను. #5ని అలాగే ఉంచుతున్నా, చదివేవాళ్ళు #6తో కలిపి చదువుకోండి.

#8 — చీకటిగది

కొత్తకళ్ళు గారి అసలు ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. "తర్వాత సరిచేసుకోవచ్చు" అన్నది కొత్త మాట కాదు. డార్క్‌రూమ్‌లో డాడ్జింగ్, బర్నింగ్ ఎప్పటినుంచో ఉన్నాయి. తీగకి గుచ్చిన అట్టముక్కని కాగితానికీ ఎన్‌లార్జర్‌కీ మధ్య ఊపుతూ నీడని తేలిక చేయడం, అట్టకి చిల్లు పెట్టి ఆకాశానికి మాత్రం ఇంకో పది సెకన్ల వెలుతురు పోయడం. ఇవాళ సాఫ్ట్‌వేర్లో ఈ రెండు పనిముట్ల ఐకాన్లు కూడా ఆ అట్టముక్క, వెలుతురుకి అడ్డుపెట్టే చెయ్యే.

తేడా ఎక్కడుందంటే, అక్కడ ప్రతి ప్రింటుకీ చెయ్యి మళ్ళీ ఆడాలి. రెండో ప్రింటు మొదటిదానిలా అచ్చుగుద్దినట్టు రాదు. డెవలపర్ 20 డిగ్రీల నుంచి 22కి పోయినా టోన్ మారుతుంది. ఫైలులో ఒకసారి చేసిన మార్పు ఎప్పటికీ అదే. వెయ్యో కాపీ, మొదటి కాపీ ఒకటే. అందుకే ఆర్టు మార్కెట్లో ఎడిషన్ (ఇన్ని ప్రింట్లే వేస్తాననే హామీ) అనే మాటకి ఇప్పుడు బరువు పెరిగింది. నెగటివ్ అరిగిపోదేమోగానీ చెయ్యి అలిసిపోతుంది, కాగితం తయారీ ఆగిపోతుంది. ఫైలుకి ఈ హద్దులేవీ లేవు. హద్దు కళాకారుడి మాటమీదే నిలబడాలి: సంఖ్య, కొలత, కాగితం, ఆర్టిస్టు ప్రూఫులు (ఆ లెక్కకి బయట కళాకారుడు ఉంచుకునేవి) ఎన్ని, ఇదే బొమ్మ ఇంకో కొలతలో వేస్తే అది వేరే ఎడిషనా కాదా, అన్నీ మొదటి ప్రింటు అమ్మకముందే రాసి సంతకం పెట్టాలి. చాలామంది కొలత విషయం రాయరు. తర్వాత గొడవలన్నీ దానిమీదే.

కళగా మారిన పెద్ద సంగతి ఇంకోటి. ఫోటో అంటే ఒక్క క్షణం అనే నమ్మకం సడలింది. జెఫ్ వాల్ 1993లో జపాన్ కళాకారుడు హోకుసాయ్ చెక్కముద్రని తలపించేలా చేసిన గాలిదుమారం బొమ్మ, విడివిడిగా తీసిన ఎన్నో ఫోటోలని కంప్యూటర్లో కలిపినది. ఆండ్రియాస్ గుర్‌స్కీ 1999లో చేసిన రైన్ నది బొమ్మలో ఆవలి గట్టునున్న కట్టడాలు చెరిపేసి ఉంటాయి. 2011 వేలంలో అప్పటికి ఏ ఫోటోకీ పలకనంత ధర దానికే పలికింది. అక్కడ చెరపడం మోసం కాదు, అదే పని.

#9 — నైట్‌డెస్క్

గ్యాలరీలో పని అనిపించుకున్నది వార్తల్లో నేరం. ఆ గీత ఎక్కడుందో ఫిల్మ్ రోజుల్లో పెద్దగా రాసుకోనక్కర్లేకపోయింది, అనుమానం వస్తే నెగటివ్ తెప్పించుకుని చూసేవాళ్ళు. 1982 ఫిబ్రవరిలో నేషనల్ జియోగ్రాఫిక్ అడ్డం ఫోటోని నిలువు కవర్‌లో ఇరికించడానికి గీజా పిరమిడ్లని డిజిటల్‌గా దగ్గరికి జరిపినప్పుడే ఈ వాదన మొదలైంది. 2006లో బీరుట్ మీద పొగని క్లోన్ టూల్‌తో (ఒకచోటి ముక్కని ఇంకోచోట అతికించే పనిముట్టు) దట్టంగా చేసిన ఫోటోని రాయిటర్స్ వెనక్కి తీసుకుంది. పొగ సుడులు ఒకేలా వరసగా రిపీట్ అవుతుండటం చూసి బ్లాగర్లే పట్టేశారు. 2015 వరల్డ్ ప్రెస్ ఫోటో పోటీలో చివరి ముందు దశకి చేరిన ఫోటోల్లో సుమారు 20 శాతం ఒరిజినల్ ఫైళ్ళతో పోల్చాక కొట్టేశారు.

అక్కడ కొట్టేసినవాటిలో చాలావరకు పెద్ద మోసాలేం కావు. మూలన పడున్న ప్లాస్టిక్ ముక్కని తీసేయడం, నీడలని పూర్తి నలుపులోకి తోసి వెనకున్న మనిషిని మాయం చేయడం లాంటివి. రెండోది చేసేవాళ్ళకి తప్పని కూడా తోచదు. "నేనేమీ చెరపలేదు, కాంట్రాస్ట్ పెంచానంతే" అంటారు. ఫలితం ఒకటే కదా.

డెస్కు మీద పాటించే కొలత ఇది: క్రాపింగ్, వంగిన క్షితిజాన్ని సరిచేయడం, ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్, సెన్సార్ దుమ్ము మచ్చ తీయడం సరే. ఫ్రేమ్‌లో ఉన్న వస్తువు పోయినా, లేనిది వచ్చినా, పగలు రాత్రిలా కనిపించినా కాదు. క్రాపింగ్ కూడా అర్థం మారనంతవరకే. రాయిటర్స్ 2015 నవంబరులో ఫ్రీలాన్సర్లని రా నుంచి తయారుచేసిన జేపెగ్‌లు పంపొద్దంది, కెమెరాలోనే పుట్టిన జేపెగ్ కావాలంది. ఒక కారణం నమ్మకం, ఇంకో కారణం వేగం.

కాబట్టి వార్తలకి పనిచేసేవాళ్ళు రా ప్లస్ జేపెగ్ పెట్టుకోండి. పంపేది జేపెగ్, దాచేది రా. సందేహం వచ్చిన రోజు రా ఫైలే మీ నెగటివ్.

#10 — కొత్తకళ్ళు

చాలా ఉపయోగం. మరి ఏఐ బొమ్మలు వచ్చాక రా ఫైలు చూపించినా నమ్ముతారా? కెమెరాలోనే సంతకం పడుతుందని అంటున్నారు, అదేంటి?

#11 — నైట్‌డెస్క్

2021లో మొదలైన సీ2పీఏ అనే ఉమ్మడి ప్రమాణం అది. షటర్ పడగానే కెమెరాలోని చిప్ ఫైలు మీద డిజిటల్ సంతకం వేస్తుంది. తర్వాత ఏ సాఫ్ట్‌వేర్లో ఏం చేశారో కూడా గొలుసులా చేరుతూ వస్తుంది. కెమెరాల్లో మొదట 2023లో లైకా ఎం11-పి లో వచ్చింది.

ఎక్కడ తప్పుతుందంటే, చాలా సోషల్ సైట్లు, మెసేజింగ్ యాప్‌లు ఫోటోని చిన్నది చేసేటప్పుడు మెటాడేటా మొత్తం ఊడగొడతాయి, దాంతో సంతకమూ పోతుంది. సంతకం లేకపోతే ఫోటో అబద్ధమని కాదు. సంతకం ఉంటే దృశ్యం నిజమనీ కాదు. స్క్రీన్ మీద ఏఐ బొమ్మ పెట్టి దాన్ని ఫోటో తీసినా కెమెరా సంతకం వేస్తుంది. ఈ ఫైలు ఫలానా కెమెరాలో పుట్టిందని మాత్రమే అది చెప్తుంది. వరసగా తీసిన ముందు వెనక ఫ్రేములు చూపించగలగడమే ఇప్పటికీ గట్టి సాక్ష్యం. ఒక్క ఫ్రేమ్ ఏఐతో పుట్టించడం తేలిక. ఒకే సంఘటన మీద 40 రా ఫ్రేములు, వరస నంబర్లతో, నీడలు నిమిషనిమిషానికి సరిగ్గా జరుగుతూ పుట్టించడం అంత తేలిక కాదు.

అందుకని ముఖ్యమైన పనిలో ఫ్రేములు కెమెరాలో డిలీట్ చేయకండి.

#12 — జేబుకెమెరా

ఇంతసేపూ సెన్సార్ గురించే మాట్లాడుతున్నారు గానీ, జనం తీసే ఫోటోల్లో అధికభాగం ఫోన్‌వి. అక్కడ ఒక క్లిక్ అంటే ఒక ఫ్రేమ్ కాదు.

లెక్క చూడండి. ఫుల్‌ఫ్రేమ్ సెన్సార్ 36×24 మిల్లీమీటర్లు, 864 చదరపు మిల్లీమీటర్లు. చాలా ఫోన్లలో వాడిన 1/2.55 అంగుళం సెన్సార్ సుమారు 24 చదరపు మిల్లీమీటర్లు. 36 రెట్లు తక్కువ. ఒకే ఎఫ్ నంబరు (అపెర్చర్ కొలత), ఒకే షటర్‌కి దాదాపు 5 స్టాపుల వెలుతురు వెలితి. బేయర్‌బాబు గారు చెప్పిన వర్గమూలం లెక్కే ఇక్కడ ఆదుకుంటుంది: కావాలనే తక్కువ ఎక్స్‌పోజర్‌తో 9 ఫ్రేములు గబగబా తీసి, ఒకదానిమీద ఒకటి సరిగ్గా పేర్చి సగటు తీస్తే నాయిస్ మూడో వంతుకి దిగుతుంది. వెలితిలో 3 స్టాపులు తీరినట్టే. ఎక్స్‌పోజర్ తక్కువ గనుక ఆకాశం కాలదు, పేర్చాక నీడలు లేపొచ్చు. #2లో చెప్పిన సూత్రాన్నే ఫోన్ మనల్ని అడక్కుండా పాటిస్తోంది.

చెడేది కదిలేవాటి దగ్గర. ఫ్రేములమధ్య చెయ్యి ఊపితే ఆ ముక్కని సాఫ్ట్‌వేర్ పేర్చలేక ఒక్క ఫ్రేమే వాడుతుంది, అందుకే కదిలిన చేతిమీద మాత్రం నాయిస్, పక్కనే గోడ నున్నగా. ఆకుల అంచున తెల్లటి చార కనిపిస్తే షార్పెనింగ్ అతి అయినట్టు. ఫోన్‌లో రా పెట్టుకుంటే ఈ రెండోది చేతిలోకి వస్తుంది. మొదటిదానికి మందు లేదు, మనిషిని కదలొద్దనడమే.

#13 — నిర్వాహకులు

ఫోన్ మేలా కెమెరా మేలా అనే రెండు వ్యాఖ్యలు వేరే చర్చకి తరలించాం. ఇక్కడ పని గురించే మాట్లాడదాం.

#14 — మూడుకాపీలు

వృత్తి సంగతి ఎవరూ ఎత్తలేదు. వేడుకలు తీసేవాళ్ళకి డిజిటల్ తెచ్చిన అసలు మార్పు కెమెరాలో లేదు, కుర్చీలో ఉంది. 36 ఫ్రేముల రీళ్ళు 20 వాడితే 720 ఫోటోలు, కడగడం ల్యాబు చూసుకునేది. ఇప్పుడు ఒక రోజుకి 3000 ఫ్రేములు మామూలు. ఒక్కోదానికి 3 సెకన్లు చూసినా మొదటి వడపోతకే రెండున్నర గంటలు. రా ఒక్కొక్కటి 30 ఎంబీ అనుకుంటే 90 జీబీ, మూడు కాపీలకి 270 జీబీ. ధర చెప్పేటప్పుడు ఈ కుర్చీ గంటలు లెక్కలో వేసుకోని వాళ్ళే రెండేళ్ళకి చేతులెత్తేసేది.

వడపోతలో చెత్త ఏరి తీసేయకండి, మంచివి ఏరి పెట్టుకోండి. వినడానికి ఒకటే, పనిలో కాదు. తీసేయాలని చూస్తే ప్రతిదానికీ "దీంట్లో తప్పేముంది" అనిపించి 2000 మిగులుతాయి. పెట్టుకోవాలని చూస్తే 500 దగ్గర ఆగుతారు.

రెండు కెమెరాలు వాడితే ముందే రెండు గడియారాలూ కలపండి. మర్చిపోయినా ఫరవాలేదు: రెండు కెమెరాలతోనూ ఒకే ఫోన్‌లో సెకన్లు కనిపించే గడియారాన్ని ఫోటో తీసి ఉంచుకోండి. తర్వాత ఆ రెండు ఫ్రేముల తేడా చూసి, ఒక కెమెరా ఫైళ్ళన్నిటి సమయం సాఫ్ట్‌వేర్లో ఒకేసారి జరపొచ్చు. లేకపోతే ఆల్బమ్‌లో హారతి ముందు, ఆహ్వానం వెనక.

కార్డుల విషయం. రెండు స్లాట్లుంటే రెంటిలోనూ ఒకేసారి రాయించండి, ఒకటి నిండాక రెండోదనే సెట్టింగ్ వద్దు. ఫార్మాట్ కెమెరాలోనే, అదీ రెండుచోట్ల కాపీ అయి చెక్‌సమ్ సరిపోయాకే. చెక్‌సమ్ అంటే ఫైలు మొత్తానికి ఒక వేలిముద్ర లాంటి అంకె. ఫైళ్ళ సంఖ్య సరిపోయిందని తృప్తిపడితే సగం వరకే కాపీ అయిన ఫైలు దొరకదు: పేరుంటుంది, సైజు కూడా ఉండొచ్చు, తెరిస్తే కింది సగం బూడిదరంగు పట్టీ. పొరపాటున ఫార్మాట్ అయితే ఆ కార్డుని వెంటనే తీసి పక్కన పెట్టండి. కొత్త ఫోటో ఎక్కకపోతే రికవరీకి చాలావరకు అవకాశం ఉంది, "ఒక్క క్లిక్ చూద్దాం" అన్నారో చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

మూడు కాపీలు, రెండు రకాల పరికరాలు, ఒకటి వేరే చోట. రెయిడ్ పెట్టెలో (ఒకే డేటాని రెండు డిస్కుల్లోనూ రాసేది) రెండు డిస్కులున్నా అది ఒక్క కాపీ కిందే లెక్క, ఎందుకంటే తప్పున డిలీట్ చేస్తే రెండింట్లోనూ పోతుంది. ఎస్‌ఎస్‌డీలని కరెంటు తగలకుండా ఏళ్ళతరబడి బీరువాలో దాచకండి, అందులోని చార్జి మెల్లగా కారిపోతుంది.

#15 — చీకటిగది

నెగటివ్‌ని ఇనప్పెట్టెలో పెట్టి మర్చిపోయినా 50 ఏళ్ళకి దొరుకుతుంది. ఫైలుని మర్చిపోతే అంతే.

#16 — మూడుకాపీలు

అన్ని నెగటివ్‌లకీ అది వర్తించదండీ. చెమ్మ తగిలితే బూజు, ఎండకి రంగులు వెలవడం. కడగని రీళ్ళయితే ఇంకా ఘోరం: కొడాక్రోమ్ అనే కొడక్ స్లైడ్ ఫిల్మ్‌ని కడిగే కె-14 పద్ధతిని చివరిగా నడిపిన అమెరికాలోని పార్సన్స్ ల్యాబు 2010 డిసెంబరు ఆఖరున రీళ్ళు తీసుకోవడం ఆపేసింది. ఇవాళ కడగని కొడాక్రోమ్ రీలు దొరికితే ల్యాబులు నలుపు తెలుపుగా తప్ప రంగుల్లో కడగవు. ఫైలు ఫార్మాట్లకీ అదే గండం పొంచి ఉంది కాబట్టే 2004లో అడోబీ తెచ్చిన డీఎన్‌జీ (ఎవరైనా వాడుకోగల రా ఫార్మాట్) లోకి మార్చి దాచమనేవాళ్ళున్నారు. రా ఉంచి, ఎంపిక చేసినవాటికి పూర్తి సైజు టిఫ్ కూడా దాచడం నా మాట.

#17 — మాక్రోమేడ

పాత నెగటివ్‌ల మాట వచ్చింది కాబట్టి. వాటిని డిజిటల్ కెమెరాతోనే కాపీ చేసే పద్ధతి చాలామంది సగం తెలిసి మొదలుపెట్టి పాడుచేస్తారు.

కావలసినవి: 1:1 వరకు వెళ్ళే (వస్తువు అసలు సైజులోనే సెన్సార్ మీద పడే) మాక్రో లెన్స్, రంగుల కచ్చితత్వం (సీఆర్‌ఐ) 95 పైన ఉన్న ఎల్‌ఈడీ లైట్ ప్యానెల్, నెగటివ్‌ని చదునుగా పట్టే హోల్డర్, స్టాండు. ప్యానెల్ మీద నేరుగా నెగటివ్ పెట్టకండి, ప్యానెల్ మీది చుక్కలు, దుమ్ము కూడా ఫోకస్‌లోకొస్తాయి. 3 నుంచి 5 సెంటీమీటర్లు ఎత్తులో పెట్టండి. చుట్టూ నల్ల అట్టతో మూసేయండి, పక్కనుంచి కారే వెలుతురు కాంట్రాస్ట్‌ని తినేస్తుంది.

సెన్సార్, నెగటివ్ సమాంతరంగా ఉన్నాయా అన్నది స్పిరిట్ లెవల్‌తో తేలదు. నెగటివ్ చోట చిన్న అద్దం పెట్టి కెమెరాలోంచి చూడండి. లెన్స్ తన ప్రతిబింబాన్ని సరిగ్గా ఫ్రేమ్ మధ్యలో చూసుకోవాలి. కాస్త పక్కకుంటే ఒక మూల మెత్తగా వస్తుంది.

అపెర్చర్ ఎఫ్/5.6, మహా అయితే ఎఫ్/8. 1:1 దగ్గర ఎఫ్/8 అసలు విలువ ఎఫ్/16 అవుతుంది. అంతకన్నా మూస్తే డిఫ్రాక్షన్‌తో (సన్నటి రంధ్రంలో వెలుతురు చెదరడం) గ్రెయిన్ కరిగిపోతుంది. కనిష్ఠ ఐఎస్‌ఓ, మాన్యువల్ ఎక్స్‌పోజర్, రీలు మొత్తానికి ఒకటే. కలర్ నెగటివ్ అయితే వైట్ బ్యాలెన్స్‌ని బొమ్మపడని నారింజ అంచుమీద తీసుకుంటే ఆ ముసుగు చాలావరకు పోతుంది. ఎమల్షన్ వైపు, అంటే మెరుపు తక్కువున్న వైపు, కెమెరా కేసి పెట్టి తర్వాత బొమ్మని అడ్డంగా తిప్పేయండి. 24 మెగాపిక్సెళ్ళతో 36 మిల్లీమీటర్లకి 6000 పిక్సెళ్ళు, అంటే అంగుళానికి 4200 పైచిలుకు. 35 ఎంఎం ఫిల్మ్‌కి ఇది చాలు.

తీసేముందు బ్లోయర్‌తో దుమ్ము ఊదండి. స్కానర్లలో ఉండే ఇన్‌ఫ్రారెడ్ దుమ్ము తొలగింపు ఈ పద్ధతిలో ఉండదు. అసలు వెండి మిగిలే నలుపు తెలుపు ఫిల్మ్‌కి స్కానర్లోనూ అది పనిచేయదు, వెండి కూడా దుమ్ములాగే ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపేస్తుంది.

#18 — కాగితంపులి

ఇన్ని చెప్పుకుని ప్రింటు ఎవరూ ముట్టుకోలేదు. "స్క్రీన్ మీద బాగుంది, ప్రింటు చీకటిగా వచ్చింది" అన్నదే ప్రింటింగులో ఎక్కువగా వినిపించే ఫిర్యాదు, చాలాసార్లు తప్పు మానిటర్ వెలుగుది. కొన్న రోజున్న వెలుగులోనే వాడుతుంటారు. కాలిబ్రేటర్‌తో చదరపు మీటరుకి 80 నుంచి 120 క్యాండెలాలకి దించండి, తెలుపు డీ65, గామా 2.2. గదిలో వెలుతురు కూడా రోజంతా ఒకేలా ఉండాలి.

తర్వాత ఆ కాగితానికి, ఆ ప్రింటరుకి సంబంధించిన ఐసీసీ ప్రొఫైల్‌తో (రంగులు ఎలా పడతాయో చెప్పే ఫైలు) సాఫ్ట్ ప్రూఫ్ చూడండి, అంటే ప్రింటు ఎలా వస్తుందో స్క్రీన్ మీదే చూసుకోవడం. మ్యాట్ కాగితం మీద నలుపు గ్లాసీ మీదంత లోతుగా రాదు, కాబట్టి నీడల్లో ఉన్న వివరం ముందే కాస్త లేపి పంపాలి. ప్రొఫైల్ అప్లికేషన్‌లో పెట్టి, ప్రింటర్ డ్రైవర్‌లో కూడా కలర్ మేనేజ్‌మెంట్ ఆన్ ఉంచితే రెండుసార్లు మార్పిడి జరిగి మొహాలు ఎర్రగానో, ఇటుక రంగులోనో వస్తాయి. ఒకచోటే ఉండాలి.

సైజు లెక్క: 6000 పిక్సెళ్ళని 300తో భాగిస్తే 20 అంగుళాలు. గోడమీద దూరం నుంచి చూసేదైతే 180తో భాగించినా చాలు, 33 అంగుళాలు వస్తుంది. పిగ్మెంట్ ఇంకు ప్రింటర్ని నెలల తరబడి ఊరికే ఉంచకండి, వారానికొక రంగుల పేజీ అయినా వేయండి. లేకపోతే నాజిళ్ళు ఎండిపోయి, శుభ్రం చేయడానికే కార్ట్రిడ్జ్ సగం ఖాళీ అవుతుంది.

#19 — కొత్తకళ్ళు

కాగితంపులి గారూ, ప్రింటు వచ్చిన వెంటనే ఫ్రేమ్ కట్టించొచ్చా?

#20 — కాగితంపులి

వద్దు. కనీసం 24 గంటలు గాలికి ఆరనివ్వండి, గ్లాసీ అయితే ఇంకా ఎక్కువ. పైన మామూలు తెల్లకాగితం పరిచి, రెండు మూడుసార్లు ఆ కాగితం మారిస్తే తేమని అది పీల్చేస్తుంది. తొందరపడి బిగిస్తే ఇంకులోని ద్రావకం ఆవిరై వారంలో అద్దం లోపలివైపు పొగపట్టినట్టు పొర కడుతుంది, అప్పుడు ఫ్రేమ్ విప్పి తుడవాల్సిందే. అద్దానికి ప్రింటు తగలకుండా మధ్యలో మౌంట్ అట్ట కూడా పెట్టించండి.